బియ్యం అమ్మి నూనె కొనే దేశం: మన వ్యవసాయ ఎగుమతి దిగుమతుల లెక్క ఎందుకు మారింది

మీరు అడిగినవి నిజానికి మూడు ప్రశ్నలు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బియ్యం అమ్మే దేశం వంటనూనెను, పప్పులను బయటినుంచి ఎందుకు తెచ్చుకుంటోంది అన్నది మొదటిది. ఎగుమతులు పెరిగాయంటూనే మిగులు తగ్గిందని ఎలా అంటున్నారు అన్నది రెండోది. సత్తుపల్లి దగ్గర మీ పదెకరాల్లో వరి తగ్గించి ఆయిల్‌పామ్ వేస్తే ఈ అంతర్జాతీయ ధరల గొడవ మీ గట్టు దాకా వస్తుందా అన్నది మూడోది. నేను కాకినాడ కేంద్రంగా బియ్యం ఎగుమతి వ్యాపారంలో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి బియ్యం గురించి కాస్త ఎక్కువగా, మిగతా వాటి గురించి అవసరమైనంత మేరకు చెబుతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. ఏ పంటకు ప్రభుత్వం కచ్చితంగా కొంటుందన్న భరోసా ఉందో ఆ పంటను మనం అమ్ముతున్నాం, ఆ భరోసా లేని పంటలను కొనుక్కుంటున్నాం. నేల, వాన, రైతు నైపుణ్యం వంటివన్నీ ఈ లెక్కలో ఆ తరువాతే వస్తాయి.

ముందు మొత్తం అంకెలు చూద్దాం. 2013-14లో దేశ వ్యవసాయ ఎగుమతుల విలువ సుమారు 4,325 కోట్ల డాలర్లు, దిగుమతులు సుమారు 1,550 కోట్ల డాలర్లు. అంటే మిగులు 2,770 కోట్ల డాలర్ల చుట్టూ ఉండేది. 2024-25కు వచ్చేసరికి ఎగుమతులు 5,190 కోట్లకు చేరినప్పటికీ దిగుమతులు 3,850 కోట్లను తాకడంతో మిగులు 1,340 కోట్ల దగ్గర ఆగింది. పదకొండేళ్లలో ఎగుమతులు ఐదో వంతు పెరిగితే, దిగుమతులు దాదాపు రెండున్నర రెట్లయ్యాయి. ఎగుమతులైనా ఒకే తీరున పెరుగుతూ రాలేదు. ప్రపంచ మార్కెట్లో ధరలు పడిపోయిన 2015-16లో 3,280 కోట్లకు జారాయి, 2022-23లో 5,315 కోట్లతో రికార్డు సృష్టించాయి, బియ్యం, గోధుమ, చక్కెరల మీద ఆంక్షలు పడ్డాక మరుసటి ఏడాది మళ్లీ 4,880 కోట్లకు తగ్గాయి. అందుచేత ఎవరైనా ఒక ఏడాది అంకె చూపి పొగిడినా తిట్టినా, దాన్ని ఏ ఏడాదితో పోల్చారో ముందు అడగండి.

పాత చరిత్రను క్లుప్తంగా ముగిస్తాను. 1956లో అమెరికాతో పీఎల్-480 ఒప్పందం (ఆ దేశం తన మిగులు ధాన్యాన్ని సాయంగా ఇచ్చే ఏర్పాటు) కుదిరినప్పటి నుంచి ఆ దేశపు గోధుమ మన రేషన్ దుకాణాలకు రావడం మొదలైంది. వరుస కరువులు వచ్చిన 1966లో దాదాపు కోటి టన్నుల ఆహార ధాన్యాలు ఓడల మీద దిగాయి. ఇలా పరాయి గింజ మీద ఆధారపడే అవమానం తట్టుకోలేకనే అంతకు ముందు ఏడాదే, అంటే 1965లో, భారత ఆహార సంస్థ, మద్దతు ధర నిర్ణయించే యంత్రాంగం ఏర్పడ్డాయి. 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల పొట్టి గోధుమ విత్తనం వచ్చింది. అప్పుడు వేసిన పునాది వరికీ గోధుమకూ వేసినదే. కాలువ నీరు, ఉచిత కరెంటు, ఎరువుల సబ్సిడీ, చివర్లో ప్రభుత్వ కొనుగోలు కేంద్రం అన్నీ ఈ రెండు పంటల చుట్టే అల్లుకున్నాయి. ఈ విషయం గుర్తుంచుకుంటే తరువాతి కథ తేలిగ్గా అర్థమవుతుంది.

ఇక బియ్యం. 2007 చివర్లో ప్రపంచమంతటా ధరలు మండినప్పుడు మన ప్రభుత్వం బాస్మతి కాని బియ్యం ఎగుమతిని ఆపేసింది, 2011 సెప్టెంబరులో గానీ వదల్లేదు. 2010-11లో అన్ని రకాలూ కలిపి 25 లక్షల టన్నులు పంపిన దేశం 2012-13లో కోటి టన్నులు దాటి, అంతవరకు మొదటి స్థానంలో ఉన్న థాయ్‌లాండ్‌ను వెనక్కి నెట్టింది. 2022-23లో ఎగుమతి 2.23 కోట్ల టన్నులు. ప్రపంచ బియ్యం వ్యాపారంలో అది దాదాపు 40 శాతం. ఇందులో బాస్మతి 45 లక్షల టన్నుల చిల్లర మాత్రమే. మిగిలిందంతా పశ్చిమ ఆఫ్రికా, బంగ్లాదేశ్, ఇతర ఆసియా దేశాల సామాన్యులు తినే బియ్యం, అందులో పెద్ద భాగం ఉప్పుడు బియ్యం.

ఆఫ్రికా వాళ్లు మన ఉప్పుడు బియ్యాన్ని ఎందుకు కొంటారో తెలియాలంటే మీ యాసంగి ధాన్యం గురించే చెప్పుకోవాలి. తెలంగాణలో యాసంగి వరి ఏప్రిల్, మే ఎండల్లో కోతకు వస్తుంది. ఆ వేడికి గింజలో సన్నటి పగుళ్లు వస్తాయి, పచ్చి బియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువ పడుతుంది. అదే ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి మరపడితే గింజ గట్టిపడి నిలుస్తుంది. భారత ఆహార సంస్థ గోదాముల్లో ఉప్పుడు బియ్యం పేరుకుపోయి, ఇక తీసుకోలేమన్నప్పుడు 2021-22లో తెలంగాణలో ఎంత రాజకీయ దుమారం రేగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడ ఎవరికీ అక్కరలేదన్న ఆ బియ్యమే బెనిన్, టోగో, ఐవరీ కోస్ట్ వంటి దేశాల్లో అన్నమవుతుంది. సెనెగల్‌లో అయితే నూకలే ఇష్టంగా తింటారు. మనం కోళ్ల దాణాకు, సారా బట్టీలకు పోయే సరుకనుకున్నది వాళ్లకు విందు భోజనం.

ఈ సరుకంతా వెళ్లే దారుల్లో కాకినాడ ముఖ్యమైనది. అక్కడి యాంకరేజ్ పోర్టులో ఓడ ఒడ్డుకు రాదు. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండడం వల్ల నీరు నెమ్మదిగా ఉండే చోట సముద్రంలోనే లంగరు వేస్తుంది. మిల్లుల నుంచి లారీల్లోనూ రైలు వ్యాగన్లలోనూ వచ్చిన బస్తాలు గోదాముల్లో దిగి, అక్కడి నుంచి రేవులో బార్జీలకు ఎక్కి, బార్జీలు ఓడ పక్కకు చేరాక ఓడ క్రేన్లు వలల్లో బస్తాలను ఎత్తి హేచ్‌లోకి, అంటే ఓడలో సరుకు నింపే అర ద్వారంలోకి, దింపుతాయి. చినుకు పడితే హేచ్ మూసేయాలి, పని ఆగిపోతుంది. అందువల్ల ఒక ఓడ నిండడానికి వారాలు పడుతుంది, గడువు దాటితే రోజుకింత చొప్పున డెమరేజీ (ఆలస్య రుసుము) కట్టాలి. ఈ పద్ధతిలో వ్యాపారం చేసేవాడికి అన్నిటికంటే పెద్ద భయం రాత్రికి రాత్రి వచ్చే నోటిఫికేషన్.

అలాంటివి 2022 నుంచి వరుసగా వచ్చాయి. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతిని నిషేధించి, ఉప్పుడు బియ్యం కాని మామూలు బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. 2023 జులై 20న ఆ తెల్ల బియ్యం ఎగుమతినే ఆపేశారు. ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం, బాస్మతికి టన్నుకు 1,200 డాలర్ల కనీస ధర వచ్చాయి. నిషేధం రోజున ఏ సరుకు కదలవచ్చు, ఏది కదలకూడదు అన్నది పూర్తిగా కాగితాల మీద తేలింది. ఓడలో లోడింగ్ మొదలైందా, షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) దాఖలై ఓడ లంగరు వేసి, దాని రాకను నమోదు చేస్తూ ఇచ్చే రొటేషన్ నంబరు వచ్చిందా, సరుకు కస్టమ్స్ అధికారుల చేతికి అప్పజెప్పారా? వీటిలో ఒక్కటైనా ఉంటే వదిలారు, లేకపోతే గోదాములోనే ఉంచారు. మిల్లు దగ్గర బస్తాలు కుట్టించి, కొనుగోలుదారుకు ధర ఖాయం చేసి, ఓడ ఇంకా దారిలో ఉన్నవాళ్లు ఇరుక్కుపోయారు. 2023-24లో ఎగుమతి 1.64 కోట్ల టన్నులకు తగ్గడానికి పంట తగ్గడం కారణం కాదు, ఈ ఉత్తర్వులే. 2024 సెప్టెంబరు చివర్లో టన్నుకు 490 డాలర్ల కనీస ధరతో తెల్ల బియ్యాన్ని వదిలి, అక్టోబరులో ఆ షరతును, ఉప్పుడు బియ్యం సుంకాన్ని కూడా తీసేసి, 2025 మార్చిలో నూకల నిషేధాన్ని ఎత్తేశారు. 2024-25లో ఎగుమతి మళ్లీ రెండు కోట్ల టన్నులు దాటింది. అదే 2025 మార్చి చివర తెలంగాణ ప్రభుత్వం ఎంటీయూ-1010 అనే రకం బియ్యాన్ని ఫిలిప్పీన్స్‌కు మొదటి విడతగా 12,500 టన్నులు కాకినాడ నుంచే పంపింది. ఆ వంగడం మన గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిందన్న సంగతి ఎగుమతి వార్తల్లో ఎవరూ రాయరు.

బియ్యం ఎగుమతి మీద నాకు గర్వం లేకపోలేదు గానీ, దాన్ని లాభసాటి వ్యాపారంగా మాత్రమే చూడడం సరికాదు. కిలో బియ్యం వెనుక వేల లీటర్ల నీరు, బోరుకు ఉచిత కరెంటు, సబ్సిడీ యూరియా ఉన్నాయి. ఆ యూరియా తయారీకి కావలసిన సహజ వాయువులో పెద్ద భాగం మళ్లీ దిగుమతే. ఇవన్నీ లెక్క కడితే మనం టన్నుకు పొందే డాలర్లలో కొంత భాగం ఇదివరకే ఖర్చుపెట్టినదే. బియ్యానికి ఇచ్చే మద్దతు ప్రపంచ వాణిజ్య సంస్థ పరిమితిని దాటిందని 2018-19 సంవత్సరానికి మన దేశమే స్వయంగా తెలియజేసి, బాలి ఒప్పందంలోని మినహాయింపు నిబంధనను వాడుకోవలసి వచ్చింది.

ఇప్పుడు వంటనూనె దగ్గరకు వద్దాం. ఇక్కడ కథ పూర్తిగా తిరగబడింది. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ మొదలుపెట్టి, దిగుమతులను అదుపులో పెట్టి, రైతుకు గిట్టుబాటు చూపించడంతో 1990ల తొలి సంవత్సరాల్లో దేశ అవసరం దాదాపు మొత్తం ఇక్కడి నూనెతోనే తీరింది. తరువాత 1994లో పామోలిన్ (శుద్ధి చేసిన పామాయిల్) దిగుమతిని 65 శాతం సుంకంతో ప్రైవేటు వ్యాపారులకు వదిలారు, 1998 నాటికి ఆ సుంకం 15 శాతానికి దిగింది. చౌక పామోలిన్ ముందు వేరుశనగ, నువ్వుల నూనెలు నిలవలేకపోయాయి. అనంతపురంలో లక్షల హెక్టార్లలో పరుచుకుని ఉన్న వేరుశనగ చేలు తగ్గడానికి కరువుతో పాటు ఇదీ ఒక కారణమని నా లెక్క. మరోవైపు తలసరి వాడకం పెరుగుతూ పోయి ఇప్పుడు ఏడాదికి 20 కిలోల దగ్గర ఉంది. ఫలితంగా ఏటా సుమారు 1.6 కోట్ల టన్నుల నూనె దిగుమతి అవుతోంది, అవసరంలో సగానికి మించి బయటిదే. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి, సోయా నూనె అర్జెంటీనా, బ్రెజిల్‌ల నుంచి, పొద్దుతిరుగుడు నూనె రష్యా, ఉక్రెయిన్‌ల నుంచి వస్తుంది. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలవగానే మన ఇళ్లలో సన్‌ఫ్లవర్ ప్యాకెట్ ధర ఎగిరింది అందుకే. ఆ ఏప్రిల్ చివర ఇండోనేషియా మూడు వారాల పాటు పామాయిల్ ఎగుమతి ఆపేసరికి ఆందోళన మరింత పెరిగింది. (ఒక చిన్న విడ్డూరం: సోయాబీన్ పెద్దగా పండని నేపాల్ ఇటీవల మనకు సోయా నూనె ధారాళంగా అమ్ముతోంది. ముడి నూనె తెచ్చుకుని శుద్ధి చేసి, దక్షిణాసియా ఒప్పందం కింద సుంకం లేకుండా మన సరిహద్దు దాటిస్తోంది.)

పప్పుల కథ ఇంకా చేదుగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ రైతు స్పందించాడు, స్పందించినందుకే నష్టపోయాడు. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయలకు చేరాక మద్దతు ధర పెంచి, పప్పులు వేయమని ప్రచారం చేశారు. మొజాంబిక్‌తో కందుల కొనుగోలు ఒప్పందం కూడా చేసుకున్నారు. 2016-17లో దేశంలో పంట విపరీతంగా పండింది, అదే ఏడాది దిగుమతులు 66 లక్షల టన్నులు దిగాయి. రెండూ కలిసి యార్డుల్లో ధర కూలింది. 2017లో దిగుమతులకు పరిమితులు పెట్టడంతో 2018-19 నాటికి అవి 25 లక్షల టన్నులకు తగ్గాయి, స్వయం సమృద్ధి దగ్గరకు వచ్చామనుకున్నాం. తరువాత 2021లో కందులు, మినుముల దిగుమతికి పరిమితులు తీసేశారు. వానలు తగ్గించే ఎల్‌నినో వచ్చిన 2023లో ధరలు పెరగగానే డిసెంబరులో పసుపు బఠాణీకి సుంకం ఎత్తేశారు. 2024-25లో పప్పుల దిగుమతి 73 లక్షల టన్నులతో కొత్త రికార్డు సృష్టించింది, అందులో బఠాణీయే 20 లక్షల టన్నులకు పైగా ఉంది. కెనడా, రష్యాల నుంచి వచ్చిన ఆ బఠాణీ శనగపిండిలోనూ హోటల్ వంటల్లోనూ కలిసిపోయి శనగల, కందుల ధరలను కిందికి లాగింది. భౌగోళిక గుర్తింపు దక్కిన తాండూరు కంది పండించే రైతు సైతం 2025లో మద్దతు ధరకంటే తక్కువ ధర పలికే మార్కెట్‌ను చూడవలసి వచ్చింది. 2025 నవంబరు నుంచి బఠాణీ మీద 30 శాతం సుంకం వేశారు. అప్పటికే ఆ ఏడాది ఖరీఫ్ విత్తనాలు పడి నాలుగు నెలలు దాటాయి.

పత్తిని రెండు మాటల్లో చెబుతాను. 2002లో పురుగును తట్టుకునేలా జన్యుమార్పిడి చేసిన బీటీ విత్తనం వచ్చాక దేశం పెద్ద ఎగుమతిదారుగా మారి, 2011-12లో 130 లక్షల బేళ్ల దాకా పంపింది. గులాబీ రంగు పురుగు ఆ విత్తనాన్ని తట్టుకునే నిరోధకత పెంచుకున్నాక, కొత్త సాంకేతికత ఏదీ రాకపోవడంతో దిగుబడులు పడిపోయి, 2024-25లో దిగుమతుల విలువే ఎగుమతులను మించింది. 2025 ఆగస్టులో 11 శాతం దిగుమతి సుంకాన్ని తాత్కాలికంగా తీసేశారు కూడా. గోధుమ ఎగుమతిని 2022 మేలో ఆపేశారు. చక్కెర 2021-22లో కోటి టన్నులు దాటి, తరువాత ఇథనాల్‌కు, దేశీయ ధరల అదుపుకు మళ్లింది.

కొనుగోలు కేంద్రం లేకపోయినా ఎగుమతిలో వెలిగినవి లేవా అని మీరు అడగవచ్చు. ఉన్నాయి, ఆంధ్రా రొయ్య వాటిలో మొదటిది. 2009లో వెనామీ అనే విదేశీ రొయ్య రకానికి అనుమతి వచ్చాక భీమవరం చుట్టుపక్కల చెరువుల రూపమే మారింది. 2024-25లో దేశం 7.4 లక్షల టన్నుల రొయ్యలు అమ్మి 500 కోట్ల డాలర్లకు పైగా సంపాదించింది. అయితే ఆ సరుకుకు అతిపెద్ద కొనుగోలుదారు అమెరికా. 2025 ఆగస్టులో ఆ దేశం మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఒక్కో కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రైతుకిచ్చే ధర కోసేశారు. గుంటూరు మిర్చి సంగతీ అంతే. తేజ రకాన్ని చైనా కొన్నంత కాలం యార్డు కళకళలాడుతుంది, కొనడం తగ్గిస్తే 2025 ఫిబ్రవరిలో జరిగినట్టు క్వింటాలుకు 11,781 రూపాయల చొప్పున మార్కెట్ జోక్యం పథకం (ధర పడిపోయినప్పుడు ప్రభుత్వం ఆదుకునే ఏర్పాటు) ప్రకటించవలసి వస్తుంది. భరోసా లేని పంట ఎగుమతిలో రాణించవచ్చు గానీ, దెబ్బ తగిలినప్పుడు ఆ భారం మోసేది రైతు ఒక్కడే.

మిగులు తగ్గడం అంతా చెడ్డదేమీ కాదని కూడా చెప్పాలి. పలాస జీడి బట్టీలకు స్థానిక గింజ చాలదు, ఆఫ్రికా నుంచి ముడి గింజలు వస్తేనే అక్కడి ఆడవాళ్లకు ఏడాది పొడవునా పని దొరుకుతుంది. అలాంటి దిగుమతిని నష్టం కింద రాయకూడదు. నూనె, పప్పుల దిగుమతులు వేరు. అవి ఇక్కడ పండించగలిగే పంటల స్థానంలో వస్తున్నాయి, పైగా ధర పెరిగినప్పుడల్లా వాటి సుంకం తీసేసి రైతు ఆశను చంపుతున్నాం.

ఇక మీ పొలం సంగతి. దేశంలో పామాయిల్ ఉత్పత్తి అత్యధిక భాగం మన రెండు తెలుగు రాష్ట్రాలదే, పరిశోధన సంస్థ కూడా ఏలూరు దగ్గర పెదవేగిలో ఉంది. 2021 ఆగస్టులో 11,040 కోట్ల రూపాయలతో ఆమోదించిన ఆయిల్‌పామ్ జాతీయ మిషన్ మొక్కలకు, డ్రిప్‌కు, అంతర పంటలకు సాయం చేస్తుంది. ఆ లెక్కన ఇది మద్దతు ఉన్న పంటే. అయితే మీకు వచ్చే గెలల ధర ప్రతి నెలా ముడి పామాయిల్ ధరను, మిల్లులో నూనె వచ్చే శాతాన్ని బట్టి కడతారు. ముడి పామాయిల్ ధర ఇండోనేషియా, మలేషియాల్లో తయారై, ఢిల్లీలో వేసే సుంకంతో కలిసి మీ దగ్గరకు వస్తుంది. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద మొత్తం సుంకాన్ని 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచిన కొద్ది నెలల్లోనే టన్ను గెలల ధర 20,000 రూపాయలు దాటింది. 2025 మే చివర దాన్ని 16.5 శాతానికి తగ్గించారు. అంటే అంతర్జాతీయ గొడవ మీ గట్టు దాకా రావడమే కాదు, ప్రతి నెలా మీ బిల్లులోనే కనిపిస్తుంది. వరి వేస్తే ఆ దెబ్బ ముందు మిల్లరుకూ ఎగుమతిదారుకూ తగిలి, కొనుగోలు కేంద్రం తెరిచి ఉన్నంత వరకు మీ దాకా రాదు.

అందుకని ధర ఎక్కువగా ఉన్న ఏడాది చూసి నిర్ణయించవద్దు. గడిచిన ఐదేళ్ల నెలవారీ గెలల ధరలు తీసుకుని, అందులో అతి తక్కువ పలికిన ఏడాది ధరతో కూడా కూలీ, ఎరువుల ఖర్చు పోను ఏం మిగులుతుందో లెక్క వేయండి. తోట కాపుకు రావాలంటే నాలుగో ఏడాది దాకా ఆగాలి, వేశాక పాతికేళ్లకు పైగా అదే పంట. వేసవిలో ఒక్కో చెట్టుకు రోజుకు 200 లీటర్లకు తగ్గకుండా నీరు అందాలి, ఎకరాకు 57 చెట్లు ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో మీ బోరు ఎన్ని గంటలు పోస్తుందో చూసిన తరువాతే ఎన్ని ఎకరాలన్నది తేల్చండి. కోసిన గెలలు 24 గంటల్లో మిల్లు చేరకపోతే నూనెలో ఆమ్లం పెరిగి నాణ్యత పడిపోతుంది. చట్ట ప్రకారం మీ మండలాన్ని ఏ మిల్లుకు కేటాయించారో ఆ మిల్లుకే అమ్మాలి కాబట్టి బేరమాడే వీలు కూడా ఉండదు. అశ్వారావుపేట, అప్పారావుపేట మిల్లులు మీకు మరీ దూరం కావు, అది మీకు అనుకూలమైన విషయం. నన్నడిగితే, నీటి లెక్క సరిపోతే మొదట నాలుగు ఎకరాల్లో తోట వేసి, మొదటి మూడేళ్లు సాళ్ల మధ్య అంతర పంట తీసుకుంటూ, మిగిలిన ఆరు ఎకరాల్లో వరిని కొనసాగించమంటాను. తోట కాపుకు వచ్చి రెండేళ్ల బిల్లులు చేతికి అందాక మిగతా నేల సంగతి ఆలోచించవచ్చు.